కింది పట్టు

టీ గ్లాసు పెదాలకు ఆనకముందే లాగేద్దామని కోడలు చెయ్యి చాపింది. అందలేదు. మొగుడు దూలం ఆమె కళ్ళలోకి చూస్తూనే సగం గ్లాసు ఒక్క గుక్కలో దించేశాడు. మిగతా సగం తీరిగ్గా, ఊదుకుంటూ, ఆమె చూస్తోందని తెలిసే తాగాడు.

ఇంక చెప్పేదేముంది. ఇవాళ నడుం ఆపరేషన్, పొద్దున లేచింది మొదలు మంచినీళ్ళు కూడా ముట్టొద్దన్నారు ఆసుపత్రిలో. నిన్న సాయంత్రం సర్దిన సంచీ గుమ్మం పక్కన గోడకానుకుని కూర్చునే ఉంది. దాంట్లో రెండు జతల బట్టలు, తువ్వాలు, నడుం ఫోటోలున్న పెద్ద కవరు.

"అయిపోయింది," అన్నాడు దూలం ఖాళీ గ్లాసు కింద పెట్టి. "ఇప్పుడు మోసుకెళ్ళినా కొయ్యరు. సంచీ విప్పు."

కోడలు సంచీ విప్పలేదు. ఇన్ని నెలలుగా ఈ మనిషితో, ఈ ఇంటితో, ఈ నడుంతో మాట్లాడి మాట్లాడి ఆమె గొంతులో తడి ఆరిపోయింది. లాండ్రీలో రోజంతా ఆవిరి ఇస్త్రీపెట్టె ముందు నిలబడి పరాయివాళ్ళ చొక్కాల మడతలు తీసే మనిషి ఆమె. కోపం తెచ్చుకోవాలన్నా ఒంట్లో కాస్త ఓపిక మిగలాలి.

"నొప్పి పోయిందే," అన్నాడతను, ఈసారి మెత్తగా. "నిజం. రాత్రి పడుకునేటప్పుడు ఉంది. పొద్దున కళ్ళు తెరిస్తే లేదు. చూడు."

లేచాడు. తిన్నగా నిలబడ్డాడు. ఆ తిన్నదనమే ఆమెను భయపెట్టింది. నిన్నటిదాకా ఆ మనిషి ఒక పక్కకు వంగి, గోడ పట్టుకుని, పళ్ళు కరుచుకుని నడిచాడు. నడుంలో మొదలై పిరుదు మీదుగా పిక్కలోకి, పిక్కలోంచి బొటనవేలి దాకా కాల్చిన తీగ దూర్చినట్టు ఉంటుందనేవాడు. మంచం మీద పడుకోలేక, నేల మీద మోకాళ్ళేసి మంచం మీద తల వాల్చి నిద్రపోయేవాడు. అంత నొప్పి ఎవరికీ చెప్పకుండా ఎక్కడికి పోయినట్టు?

అత్తకు ఆ ప్రశ్నే లేదు. పెరటి గుమ్మంలో కూర్చుని, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ, తన కొడుకు ఒంటికి కత్తి గాటు తప్పిందని పదేపదే అంటోంది. పొద్దున్నే లేచి దుప్పటి ఉతికి తీగ మీద ఆరేసింది. కొడుకు పక్క మీద చెంబెడు నీళ్ళు ఒలకబోశానని, ముసలి చేతులు మాట వినడం లేదని తనని తనే తిట్టుకుంది. కోడలు ఉతుకుతానన్నా ఇవ్వలేదు. మామూలుగా అయితే చెంచా కడగమన్నా కీళ్ళ గురించి పెద్ద కథ చెప్పే మనిషి.

"నొప్పి పోతే కాలెందుకు ఈడుస్తున్నావు?" అంది కోడలు.

"ఎవరు ఈడ్చారు?"

"మంచం దగ్గర్నుంచి ఇక్కడికొచ్చేసరికి విన్నాను. ఎడం కాలు పడితే చప్పుడు లేదు. కుడి కాలు టప్పుమని పడుతోంది."

"ఇన్నాళ్ళు కుంటితే అదే అలవాటైపోయుంటుంది. నా చెవులు నాకూ ఉన్నాయి."

అత్త అందుకుంది. ఆసుపత్రిలో వాళ్ళు కోడలికి ఏదో మందు పెట్టారంది. లేకపోతే లేచి నిలబడ్డ మొగుణ్ణి చూసి సంతోషించకుండా కాళ్ళ చప్పుడు లెక్కపెట్టే ఆడదాన్ని ఎక్కడా చూడలేదంది. కోడలు గ్లాసు తీసుకెళ్ళి కడిగి బోర్లించింది. జవాబు చెబితే మధ్యాహ్నం దాకా సాగుతుంది.

డాక్టరు చెప్పింది ఆమెకు కంఠతా వచ్చు. వెన్నుపూసల మధ్య దిండులా ఉండే డిస్కు ఒకటి చిట్లింది. లోపలి గుజ్జు బయటికి పొడుచుకొచ్చి కాలికి పోయే నరాన్ని నొక్కేస్తోంది. మాత్రలతో చూశారు, పడుకోబెట్టి చూశారు, వెన్నులో సూది వేసి చూశారు. పాదంలో బలం తగ్గుతోంది కాబట్టి ఇంక ఆగొద్దు, చిన్న కోత పెట్టి ఆ నొక్కే ముక్క తీసేస్తామన్నాడు. కోశాక కాలి నొప్పి తగ్గుతుందని గట్టిగానే చెప్పాడు. మళ్ళీ బరువులెత్తొచ్చా అని దూలం అడిగితే మాత్రం కాగితాల్లోకి చూస్తూ, అది తర్వాత మాట్లాడుకుందాం అన్నాడు.

ఆ ఒక్క మాట చాలు దూలానికి. ఆ రోజు నుంచే అతను ఈ టీ గ్లాసు కోసం కాచుకుని ఉన్నాడు.

సామాన్లు ఎత్తే పనిలో అందరికీ అతను దూలమే. పెట్టిన పేరు పోయి ఈ పేరు మిగిలింది. ఊళ్ళో సగం ఇళ్ళ బీరువాలు, మంచాలు, ఫ్రిజ్జులు ఆ నడుం మీదుగానే మేడలెక్కాయి. సామాను ఎక్కింది, సామాను గలవాళ్ళు తలుపేసుకున్నారు, నడుం మెట్ల మీద మిగిలిపోయింది. బీరువా కాలు విరిగితే ఊరంతా గోల చేస్తారు. మోసినవాడి నడుం విరిగితే వాడు సరిగ్గా ఎత్తలేదంటారు.

ఆ పనిలో ఒక పద్ధతుంది. పొద్దున్నే గోడౌన్ దగ్గర మేస్త్రీ చొక్కా పైకెత్తమంటాడు. వెన్ను మీద బొటనవేలితో పైనుంచి కిందికి రాస్తాడు. ఎద్దును కొనేవాడు చూసుకున్నట్టే. కోసిన గాటు తగిలిందా, ఇంక వాడికి కింది పట్టు ఇవ్వడు. మెట్లెక్కేటప్పుడు బరువంతా పడేది కింది పట్టు మీదే, కాబట్టి ఇద్దరిలో మొనగాడిదే ఆ చోటు. దూలంతో పాటు పనిలో చేరిన గుర్రం అనేవాడు ఇలాగే నడుం కోయించుకున్నాడు. బాగానే నడుస్తున్నాడు, హాయిగా నిద్రపోతున్నాడు. కానీ గేటు దగ్గర స్టూలేసుకుని, వచ్చే పోయే బళ్ళకు గేటు తీస్తున్నాడు. దూలం ఆ గేటు దాటేటప్పుడల్లా తల తిప్పుకునేవాడు.

సందు చివర బండి హారన్ మోగింది.

మరిది గుమ్మంలోకి వచ్చి లోపలికి అడుగు పెట్టకుండా నిలబడ్డాడు. దూలం తమ్ముడు. పెళ్ళి చేసుకుని పక్క వీధిలోకి మారినా పనిలో మాత్రం అన్నకు జంట. ఎప్పుడూ పై పట్టు అతనిది. ఇవాళ అన్న ఆసుపత్రిలో ఉంటాడని వేరే మనిషిని మాట్లాడుకున్నాడు. అన్న నడుంకి పట్టా బిగించుకుని, చేతులు దులుపుకుంటూ ఎదురొచ్చేసరికి అతని ముఖం పాలిపోయింది.

కోడలు మొగుణ్ణి కాదు, మరిది ముఖాన్ని చూసింది.

"ఆ మనిషిని వద్దని చెప్పు. నేనొస్తున్నా," అన్నాడు దూలం.

"అన్నా, ఇవాళ ఇనుప బీరువా. లిఫ్టు కూడా లేదంట."

"అయితే?"

మరిది వదినవైపు చూశాడు. ఏదో చెబుతాడనుకుంది. చెప్పలేదు. తలొంచుకుని బండి వైపు నడిచాడు. అన్నదమ్ములు ఇద్దరూ ఒకరి వెనక ఒకరు వెళ్ళిపోయారు. సందు మలుపు దాకా ఆ చప్పుడు ఆమెకు వినిపిస్తూనే ఉంది. ఒక అడుగు మెత్తగా, ఒక అడుగు టప్పుమని.

సంచీ తీసి లోపల పెడదామని వంగింది. గుమ్మం అవతల, మెట్టు కింద, మట్టిలో కుడి కాలి చెప్పు ఉంది.

ఒకటే ఉంది. ఎడమది లేదు. అంటే ఎడం చెప్పు తొడుక్కుని, కుడిది జారిపోతే తెలియకుండా, ఒక కాలికి చెప్పుతో ఒక కాలికి లేకుండా, అంత పొడుగు సందూ నడిచి వెళ్ళాడు. కంకర రాళ్ళున్న సందు. తెలియలేదు.

చెప్పు చేత్తో పట్టుకునే ఆసుపత్రికి ఫోన్ చేసింది. వార్డు నర్సు తీసింది. ఇంకా ఎందుకు రాలేదని మొదట కసిరింది. టీ తాగాడంటే ఇంకా కసిరింది. నొప్పి పోయిందంటున్నాడు సిస్టర్ అని కోడలు అనేసరికి అవతల గొంతు మారింది. పాదం పైకి లేపగలడా అని అడిగింది. చెప్పు జారితే తెలియడం లేదని కోడలు చెప్పింది.

"నొప్పి పోయి బలం కూడా పోతుంటే అది తగ్గడం కాదమ్మా. నరం చచ్చుబడుతోంది. సరే, ఇంకోటి చెప్పు. కూర్చునే చోట మొద్దుబారిందన్నాడా? ఒంటికి వస్తే తెలుస్తోందా, తెలియకుండా బట్ట తడుస్తోందా?"

"అలాంటిదేం లేదు సిస్టర్."

"అడిగావా?"

అడగలేదు. మొగుణ్ణి ఆ మాట ఎవరు అడుగుతారు?

"వెళ్ళి అడుగు. అదే గనక ఉంటే రేపు, ఎల్లుండి అనే మాట లేదు. టీ తాగినా, అన్నం తిన్నా సరే, ఉన్నవాణ్ణి ఉన్నట్టు తీసుకొచ్చెయ్. రాగానే డాక్టరు మొదట అడిగేది ఒకటే, ఎప్పటినుంచి అని. ఎంత వెనక్కొస్తుందో, ఎంత రాదో దాని మీదే ఉంటుంది."

ఫోన్ పెట్టేసి తిరిగి చూస్తే అత్త పెరటి గుమ్మంలో నిలబడి ఉంది. ఎంతసేపటినుంచి వింటోందో. తీగ మీది దుప్పటి అంచు పట్టుకుని, ఆరిందో లేదో చూస్తున్నట్టు, ఊరికే అటూ ఇటూ సర్దుతోంది.

"ఏమంటోంది ఆ పిల్ల?"

"నరం చచ్చుబడుతోందంటోంది అత్తయ్యా. నేను వెళ్ళి తీసుకొస్తా."

అత్త నోరు విప్పింది. తిడుతుందనుకుంది కోడలు. తిట్టలేదు. "పదిమందిలో వాడి పరువు తియ్యకే," అంది. ఇంకా ఏదో చెప్పబోయి దుప్పటి వైపు తిరిగింది.

కోడలు చెప్పును సంచీలో పడేసుకుని బయటపడింది.

బీరువా ఎక్కాల్సిన ఇల్లు లాండ్రీకి పోయే దారిలోనే, నిన్న మరిది చెప్పాడు. బండి గేటు ముందు ఆగి ఉంది. మెట్ల మొదట్లో మరిది చెప్పుల జత, దాని పక్కన ఒంటిగా ఎడం చెప్పు. మెట్ల మీద ఎత్తేటప్పుడు వీళ్ళు చెప్పులు విప్పేస్తారు, కాలికి పట్టు దొరకాలని. విప్పేటప్పుడైనా ఒకటే ఉందని చూసుకున్నాడా? చూసుకునే ఉంటాడు. బండిలో పడిపోయిందని తమ్ముడితో చెప్పుంటాడు.

పైనుంచి దూలం గొంతు వినిపించింది. "ఎక్కు."

కాసేపు ఏమీ లేదు. ఇనుము గోడకు రాసుకున్న చప్పుడు. మళ్ళీ "ఎక్కు."

ఆమె పరుగెత్తబోయి ఆగింది. ఈ పనిలో మెట్ల మీద బరువు ఉన్నంతసేపు మాట్లాడే హక్కు కింది పట్టువాడిది ఒక్కడిదే. పైవాడు వెనక్కి వెనక్కి ఎక్కుతుంటాడు, వాడికి ఒకే గొంతు వినపడాలి. ఇంటివాళ్ళు సున్నం రాలుతోందని అరిచినా, ఎవరైనా దారి అడిగినా, వీళ్ళు పలకరు. రెండో గొంతు వినిపిస్తే పైవాడు తడబడతాడు. తడబడితే బరువంతా కిందివాడి మీదికి వస్తుంది. పెళ్ళైన కొత్తలో ఒకసారి అన్నం క్యారియరు తెచ్చి మెట్ల కింద నుంచి ఏమయ్యా అని కేక వేసినందుకు అతను రెండు రోజులు మాట్లాడలేదు.

చప్పుడు కాకుండా ఎక్కింది. రెండో అంతస్తు దాటాక కనిపించాడు.

బీరువా అతని తల మీదుగా పైకి ఏటవాలుగా ఉంది. భుజం దానికి ఆనించి, రెండు చేతులతో అడుగు పట్టుకుని ఉన్నాడు. మెడ నరాలు తాళ్ళలా తేలాయి. కింది పట్టువాడికి మెట్లు కనబడవు, కళ్ళ ముందు ఇనుమే. పాదం చాపి, వేళ్ళతో మెట్టు అంచు తడిమి, దొరికిందనుకున్నాకే ఎక్కు అంటాడు. వాడి కన్ను వాడి పాదంలో ఉంటుంది.

ఎడం పాదం మెట్టు తడుముకుని ఎక్కింది. కుడి పాదం వెనక వేలాడుతూ వచ్చింది. వేళ్ళు మెట్టు అంచుకు కొట్టుకున్నాయి. గోరు చిట్లి నెత్తురొస్తోంది. అతను దాన్ని అలాగే పైకి ఈడవబోయాడు. రాలేదు. తట్టుకుందని తెలియనివాడికి ఎందుకు రావడం లేదో ఏం తెలుస్తుంది? బీరువా ఒక్కసారి అతని భుజం మీద జారి ఆగింది.

అది పడితే అతని మీద, అతని వెనక ఉన్న తన మీద పడుతుంది. ఆమెకు ఆ ఆలోచన వచ్చింది. వచ్చి పోయింది. సంచీ కింద పెట్టి, మెట్ల మీద మోకాళ్ళేసి, ఆ పాదాన్ని రెండు చేతులతో పట్టుకుంది. వేళ్ళు పైకి ఎత్తి, అంచు దాటించి, మెట్టు మీద బల్లపరుపుగా ఆనించింది.

పాదం చల్లగా ఉంది. ఎవరో పట్టుకున్నారని ఉలిక్కిపడలేదు.

"ఎక్కు," అన్నాడు దూలం.

అలా ఎక్కించింది. అతను ఎడం కాలు తనే పెట్టుకున్నాడు, కుడి కాలు ఆమె పెట్టింది. మలుపు వచ్చేదాకా. అతను తిప్పు అన్నాడు, ఆగు అన్నాడు, దించు అన్నాడు. బీరువా మలుపు గచ్చు మీద కూర్చుంది.

అతను వెనక్కి తిరిగి, ఆమెను చూసి, మొదట తిట్టబోయాడు. ఊపిరి అందక ఆగాడు.

"ఎప్పుడొచ్చావు?"

"నీ కాలు నేను పెట్టాను," అంది ఆమె.

"ఏ కాలు?"

"కుడి కాలు. ఇన్ని మెట్లూ నేనే పట్టుకుని పెట్టాను. తెలిసిందా నీకు?"

అతను నవ్వాడు. నవ్వి బీరువా పక్కనుంచి ఇవతలికి వచ్చిన తమ్ముడి వైపు చూశాడు, ఈవిడ గోల విన్నావా అన్నట్టు. తమ్ముడు నవ్వలేదు. దూలం చూపు కిందికి పోయింది. పాదం మీద నెత్తురు, ఆమె అరచేతుల్లో నెత్తురు. రెండింటినీ చాలాసేపు చూశాడు.

"చెప్పెయ్ మరిదీ," అంది కోడలు. "పొద్దున గుమ్మంలో చెప్పకుండా వచ్చేశావు."

మరిది తువ్వాలుతో ముఖం తుడుచుకుని, తువ్వాలు ముఖం మీదే ఉంచుకుని చెప్పాడు.

"కిందటి పనిలో, నొప్పికి మాత్రలేసుకుని వచ్చినప్పుడు, అన్న నన్ను అడుగు చెప్పమన్నాడు వదినా. మెట్టు అయిపోతే చెప్పరా, మలుపొస్తే చెప్పరా అన్నాడు. పైనున్నవాణ్ణి నేను కింది అడుగు ఎలా చెప్తాను? వెనక్కి ఎక్కుతూ, తల వంచి అన్న కాళ్ళు చూసుకుంటూ చెప్పాను. నా జన్మలో అన్న ఎవర్నీ అడుగు అడగలేదు."

"నోర్ముయ్," అన్నాడు దూలం. గొంతులో బలం లేదు.

"ముయ్యను. అప్పుడే చెప్పాల్సింది. చెబితే నిన్ను గేటు దగ్గర కూర్చోబెడతారని ముయ్యబట్టే ఇక్కడిదాకా వచ్చింది."

దూలం గోడ పట్టుకుని మెల్లగా మెట్టు మీద కూర్చున్నాడు. ఆమె పక్కన నిలబడింది. నర్సు అడగమన్న మాట నోట్లో ఉంది. తమ్ముడి ముందు ఎలా అడగాలో తెలియలేదు. నేరుగా కాకుండా, కూర్చునే చోట మొద్దుగా ఏమైనా ఉందా అని అడిగింది. అతను విసుక్కున్నాడు. మెట్టు చల్లగా ఉందా అని అడిగింది. ఉందన్నాడు, కానీ చెప్పే ముందు అరచేత్తో మెట్టు తాకి చూసుకుని చెప్పాడు.

పైనుంచి సామాను గలావిడ తొంగిచూసి, బీరువా అక్కడే పెట్టేస్తే తలుపు ఎలా తీసుకోవాలని అడిగింది.

"పదవయ్యా, ఆసుపత్రికి," అంది కోడలు మొగుడితో. "టీ తాగినా రమ్మన్నారు."

దూలం ఆమె ముఖంలోకి చూశాడు. ఈసారి వద్దనలేదు. గోడ పట్టుకుని లేవబోయాడు. లేచాడు కూడా.

అతను లేచిన చోట మెట్టు తడిగా ఉంది.

ప్యాంటు వెనక నుంచి మోకాలి దాకా నల్లగా దిగింది. అతను అదేమీ ఎరగనట్టు పట్టా సర్దుకుంటున్నాడు. నిజంగానే ఎరగడు. తమ్ముడు చూసి గబుక్కున గోడవైపు తిరిగాడు. కోడలు మెట్టునే చూస్తోంది. ఆమె చూస్తున్న చోటుకు అతను చూశాడు. చూసి, చాలా మామూలుగా అన్నాడు.

"నీళ్ళు ఒలికినట్టున్నాయి."

మరిది నీళ్ళ సీసా బిగించిన మూతతో కిటికీ మీద నిటారుగా ఉంది.

నీళ్ళు ఒలికాయి. ఈ మాట ఆమె ఇవాళ ఇంతకు ముందొకసారి విన్నది. ఎక్కడ విన్నదో గుర్తు తెచ్చుకునేలోపు మరిది మలుపు మూలనున్న చేతుల కుర్చీ లాక్కొచ్చాడు. ముందు ట్రిప్పులో తెచ్చి పైకి ఎక్కించకుండా వదిలిన కుర్చీ. అన్నను భుజాలు పట్టి అందులో కూలేశాడు. బీరువాకు కట్టే వెడల్పు పట్టాతో నడుం దగ్గర కుర్చీకి కట్టేశాడు. దూలం కాదనలేదు. ఎన్ని సామాన్లను ఇలా కట్టాడో, ముడి ఎక్కడ వెయ్యాలో తమ్ముడికి వేలు చూపించబోయి చెయ్యి దించుకున్నాడు.

పైనుంచి సామాను గలావిడ ఆ కుర్చీ కొత్తదంది.

"తెలుస్తోందమ్మా," అన్నాడు మరిది. "గట్టిగానే ఉంది."

తర్వాత వదిన వైపు తిరిగాడు. "పై పట్టు నీది వదినా. ఇస్త్రీ పట్టే చేతులు కదా, వదలవు. నేను కింద ఉంటా. నా గొంతు తప్ప ఇంకేదీ వినకు."

అతను ఎప్పుడూ కింద ఉండలేదు. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు. కిందికి దిగి, కుర్చీ ముందు కాళ్ళు పట్టుకుని, వెనక్కి పాదం చాపి మెట్టు తడిమాడు. ఆమె కుర్చీ వీపు పట్టుకుని ఎత్తింది. మొగుడి తల ఆమె గడ్డం కింద ఉంది. జుట్టులో చెమట వాసన, గచ్చు వాసన.

మరిది నోటివెంట మాట రాలేదు.

"మెట్టు," అన్నాడు దూలం కుర్చీలోంచి, అలవాటు మీద.

"అన్నా, కింద ఉన్నది నేను." తమ్ముడు రొప్పుతున్నాడు. "నువ్వు మాట్లాడకు."

దూలం నోరు మూసుకున్నాడు.

"దిగు," అన్నాడు మరిది. గొంతు సన్నగా వచ్చింది. మళ్ళీ అన్నాడు, ఈసారి గట్టిగా. "దిగు."

దిగారు. చేతులు గుంజుతున్నాయి. ఆమె కాళ్ళ కింద మెట్లు, ఆమె చేతుల్లో సంసారం, ఆమె తలలో తీగ మీద ఒక దుప్పటి. నీళ్ళు ఒలకబోశానంది అత్త. ఉతుకుతానంటే ఇవ్వలేదు. ఫోన్ మాటలు విన్నాక కూడా దాని అంచే పట్టుకుని నిలబడింది. ఏదో చెప్పబోయి ఇటు తిరగలేదు. ఎప్పటినుంచి అని అడుగుతాడు డాక్టరు. దాని మీదే ఉంటుంది. అడుగుదామంటే మెట్ల మీద ఉన్నారు. నోరు విప్పకూడదు.

మరిది ఆగమనేదాకా పళ్ళు బిగబట్టి దిగింది. కింది మలుపులో కుర్చీ దించారు. మరిది అరచేతులు ప్యాంటుకు తుడుచుకుంటున్నాడు. ఆమె మొగుడి ముందుకు వచ్చి వంగింది.

"పొద్దున ఆ దుప్పటి," అంది.

దూలం కళ్ళు మూసుకున్నాడు.

"అమ్మనేం అనకు," అన్నాడు. "నేనే చెప్పొద్దన్నా."

"ఎప్పటినుంచి?"

పై అంతస్తులో ఎవరో తలుపు వేసుకున్నారు. మరిది గోడకేసి చూస్తున్నాడు. తువ్వాలు మెడ మీదే ఉంది, తుడుచుకోవడం లేదు.

"నిన్నే అడుగుతున్నా. రాత్రి నుంచా? అంతకు ముందా?"

దూలం కళ్ళు తెరిచాడు. ఆమె అరచేతుల్లో ఎండిన నెత్తురు వైపు చూశాడు. ఏదో చెప్పడానికి పెదాలు విడివడ్డాయి. మళ్ళీ కలిశాయి.

మరిది వంగి కుర్చీ కాళ్ళు అందుకున్నాడు.

"ఎత్తు వదినా."

ఆమె ఇంకా అతని ముఖంలోకే చూస్తోంది. లేచి, వెనక్కి వెళ్ళి, కుర్చీ వీపు పట్టుకుని ఎత్తింది. ముందు మెట్లున్నాయి. ఇంక మాట్లాడకూడదు.